నాన్న కెమెరాలో ఉండిపోయిన రీలును ఇంట్లో కడగొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు పోయి ఏడాదైంది. మొన్న అటక మీది ట్రంకుపెట్టె సర్దుతుంటే ఆయన వాడిన ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా దొరికింది. వెనక ఎర్ర కిటికీలో 9 అంకె కనిపిస్తోంది, అంటే లోపల రీలు ఉంది. అమ్మ చెప్పేదాన్ని బట్టి అది 1989లో నా అన్నప్రాసనప్పటిది. ఇక్కడి స్టూడియోల్లో రీళ్లు కడగడం ఎప్పుడో మానేశారు. ఒకాయన మాత్రం "ఇవ్వండి, కలర్ ల్యాబ్‌కి పంపిస్తాను" అన్నారు. ఇంట్లోనే కడుక్కోవచ్చని వీడియోల్లో చూశాను. నాకు అనుభవం లేదు. ఉన్నదల్లా ఒక బాత్రూమ్, ఆదివారాలు. ఇంట్లో నాలుగేళ్ల బాబు ఉన్నాడు, కెమికల్స్ అంటే భయం. నేను చేయగలనా? పాడైపోతే అమ్మ ముఖం ఎలా చూడాలి?
— ఒక పాఠకురాలు, కొత్తగూడెం

సమాధానం:

అమ్మా, చేయగలరు. కానీ మీ చేత్తో కడిగే మొదటి రీలు అది కాకూడదు. నాలుగోది కావాలి. ముప్పై అయిదేళ్లు ఆగిన రీలు ఇంకో రెండు మూడు నెలలు ఆగుతుంది. రేపు ఆదివారమే కడిగేయాలన్న తొందర మాత్రం దాన్ని చంపేస్తుంది.

ముందుగా రెండు మాటలు. మొదటిది, కెమెరా వెనక మూత తెరవకండి. ఎవరినీ తెరవనివ్వకండి, "ఒక్క క్షణం చూస్తా" అన్నా సరే. రెండోది, కలర్ ల్యాబ్‌కి పంపిస్తానన్న ఆయనకి రీలు ఇవ్వకండి. ఆయన మంచి మనసుతోనే అని ఉంటారు. కానీ కలర్ నెగటివ్ కడిగే సీ-41 పద్ధతిలో డెవలపర్, అంటే బొమ్మను పైకి తెచ్చే మందు తర్వాత, బ్లీచ్, ఫిక్సర్ అనే మందులు కలిసి ఫిల్ములో ఉన్న వెండినంతా కరిగించి తీసేస్తాయి. కలర్ ఫిల్ములో బొమ్మ రంగుల్లో ఉంటుంది కాబట్టి వెండి పోయినా నష్టం లేదు. బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములో వెండే బొమ్మ. అది పోతే చేతికి వచ్చేది ఖాళీ ప్లాస్టిక్ ముక్క. 1989లో క్లిక్ త్రీలో వేసిన రీలు చాలావరకు బ్లాక్ అండ్ వైటే అయి ఉంటుంది. ఒకవేళ కలర్ రీలే అని తేలినా కంగారు పడకండి. ఇన్నేళ్ల తర్వాత దాన్ని కూడా బ్లాక్ అండ్ వైట్ డెవలపర్‌లో కడిగితేనే బొమ్మ దక్కే అవకాశం ఎక్కువ, రంగుల మీద ఆశ వదులుకోవాలి అంతే.

ఇన్నేళ్ల రీలులో ఏమైనా మిగిలి ఉంటుందా అని మీరు అడగలేదు కానీ, ఆ అనుమానం మీ ఉత్తరం నిండా ఉంది. 1897లో ఆండ్రే అనే స్వీడన్ ఆయన ఇద్దరు సహచరులతో బెలూన్‌లో ఉత్తర ధ్రువానికి బయల్దేరి, మంచులో చిక్కుకుని చనిపోయాడు. వాళ్ల శిబిరం 1930లో ఒక మంచు దీవిలో బయటపడింది, కెమెరా ఫిల్ములతో సహా. స్టాక్‌హోమ్‌లో జాన్ హెర్ట్స్‌బర్గ్ అనే ఆయన వాటిని ఎంతో ఓపికగా కడిగితే, దాదాపు 240 ఫ్రేముల్లో 93 దక్కాయి. ముప్పై మూడేళ్ల తర్వాత! వెలుతురు తగిలిన చోట వెండి లవణం గింజల మీద కొద్దిపాటి వెండి అణువులు చేరి గుర్తులా ఉండిపోతాయి. కంటికి కనిపించని ఆ గుర్తును డెవలపర్ కోట్ల రెట్లు పెంచి బొమ్మ చేస్తుంది. ఆ గుర్తు ఏళ్ల తరబడి నిలుస్తుంది. అయితే వాళ్ల ఫిల్ము ఉన్నది మంచులో, మీది ఉన్నది కొత్తగూడెం అటక మీద. వేడికి, తేమకి ఫిల్ము తనంతట తానే మసకబారుతుంది. మేం దాన్ని "ఫాగ్" అంటాం. అందుకే మీకు రాబోయే బొమ్మలు మసకగా, చుక్కలు చుక్కలుగా, ఫిల్ము వెనక చుట్టి ఉండే కాగితం మీది అంకెలు బొమ్మ మీద అచ్చు పడి ఉండొచ్చు. ఏమీ రాకపోవచ్చు కూడా. ఈ సంగతి అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి.

ఇప్పుడు రీలు బయటికి తీసే పద్ధతి. కిటికీలో 9 ఉందంటే తొమ్మిదో ఫోటో తీశారో లేదో తెలియదు, దాని జోలికి వెళ్లొద్దు. నీడలో కూర్చుని, గుండీని నెమ్మదిగా తిప్పి 10కి రండి. పదోది కూడా ఖాళీగా వదిలేయండి. 11కి తిప్పి, మంచి ఎండలో మీ ఇంటి ముందు నిలబడి ఒక ఫోటో, 12కి తిప్పి ఇంకొకటి తీయండి. ఎందుకో తర్వాత చెబుతాను, ఇదే మీకు నేను ఇవ్వగలిగిన అన్నిటికన్నా విలువైన సలహా. ఆ తర్వాత తిప్పుతూనే ఉండండి. వెనక కాగితం అంతా చుట్టుకుపోయి గుండీ తేలిగ్గా తిరిగేదాకా తిప్పి, అప్పుడు నీడలోనే మూత తెరవండి. రీలును బొటనవేలితో గట్టిగా అదిమి పట్టుకోండి, వదులైతే అంచుల నుంచి వెలుతురు దూరుతుంది. కాగితం చివర అంటించే పట్టీ ఉంటుంది. దాని జిగురు ఎండిపోయి ఉంటుంది కాబట్టి రబ్బరు బ్యాండు వేసేయండి. ఏ ఫిల్మో, ఎంత స్పీడో (అంటే వెలుతురును ఎంత త్వరగా పట్టుకుంటుందో) చాలావరకు ఆ పట్టీ మీదే రాసి ఉంటుంది, రాసుకోండి. అల్యూమినియం ఫాయిల్ చుట్టి, గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో కింది అరలో ఉంచండి. డబ్బా మీద "తెరవొద్దు" అని పెద్ద అక్షరాలతో రాయండి.

కెమెరా ఖాళీ అయింది కదా, ఇక నేర్చుకోవడం దాంతోనే. 120 సైజు బ్లాక్ అండ్ వైట్ రీళ్లు మూడు ఆన్‌లైన్‌లో తెప్పించుకోండి. ఇల్ఫోర్డ్ ఎఫ్‌పీ4 ప్లస్ లాంటి 100, 125 స్పీడు ఫిల్ము ఈ కెమెరాకి సరిపోతుంది. నాన్నగారు నిలబడినట్టే ఎండను వీపు వైపు పెట్టుకుని తీయండి. మొదటి రీలు పాడవుతుంది అనుకునే మొదలుపెట్టండి. అది మీ ఫీజు.

ఫోటోలు తీయడానికి ముందు ఇంకో పని ఉంది. గడువు దాటిన రీలు ఒకటి చవకగా కొని పగటి వెలుతురులోనే విప్పేయండి. కాగితం ఎక్కడ మొదలవుతుంది, ఫిల్ము ఎక్కడ వస్తుంది, చివర ఏ టేపుతో అంటించి ఉంది, అంతా కళ్లతో చూడండి. తర్వాత దాన్ని డెవలపింగ్ ట్యాంకు, అంటే వెలుతురు చొరబడకుండా మందులు పోసే డబ్బాలోని స్పైరల్ (ఫిల్ము చుట్టే గాడుల చక్రం) మీదికి ఎక్కించడం నేర్చుకోండి. ముందు చూస్తూ పది సార్లు, తర్వాత కళ్లు మూసుకుని ఇరవై సార్లు. టీవీ ముందు కూర్చుని, అమ్మతో మాట్లాడుతూ చేయండి. చేతికి పని వచ్చేయాలి. రీలు కడగడంలో కష్టమైనది ఇదొక్కటే. మిగతాదంతా వంట లాంటిది: కొలత, వేడి, సమయం. ఇది మాత్రం చీకట్లో, చెమట పట్టిన వేళ్లతో, చుట్టుకుపోయే ఫిల్ముతో చేయాలి. స్పైరల్ ఒక్క చుక్క తడిగా ఉన్నా ఫిల్ము మధ్యలో పట్టేసి కదలదు. అందుకని ఎక్కించే ముందు దాన్ని హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టండి. ఫిల్ము మూలలు రెండూ కత్తెరతో కొంచెం గుండ్రంగా కత్తిరిస్తే సాఫీగా జారుతుంది.

చీకటి సంగతి. సినిమాల్లో డార్క్ రూమ్ అంటే ఎర్ర లైటు చూపిస్తారు. అది ప్రింట్లు వేసే కాగితానికి. ఫిల్ముకి ఏ లైటూ పనికిరాదు, ఎర్రది కూడా. రాత్రి పూట బాత్రూమ్‌లో వెంటిలేటర్‌కి అట్ట కట్టి, తలుపు కింద తడి తువ్వాలు దోపి, లోపల అయిదు నిమిషాలు కూర్చోండి. అప్పటికి కళ్లు అలవాటు పడతాయి. చేతిలోని తెల్ల రుమాలు కనిపిస్తే అది చీకటి కాదు. గీజర్ మీది ఎర్ర చుక్క చాలామందికి గుర్తుండదు, దాని మీద నల్ల టేపు వేయండి. ఫోను బయటే వదిలేయండి. ఫిల్ము స్పైరల్ ఎక్కి, ట్యాంకులోకి వెళ్లి, మూత పడిందంటే ఇక లైటు వేసుకోవచ్చు. ఆ తర్వాత పనంతా వెలుతురులోనే, వంటింటి గట్టు మీద కాకుండా, బాత్రూమ్‌లోనే.

ఇక మన ఊళ్ల అసలు శత్రువు వేడి. పుస్తకాల్లో, ప్యాకెట్ల మీద అంతా 20 డిగ్రీలు అని ఉంటుంది. మే నెలలో మీ మేడ మీది ట్యాంకు నీళ్లు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంటుంది. వేడి నీళ్లలో డెవలపర్ పరిగెత్తుతుంది, ఫిల్ము మీది జెలటిన్ పొర మెత్తబడి గోరు తగిలినా ఊడొస్తుంది. చల్లని మందులోంచి ఒక్కసారిగా వేడి నీళ్లలో పెడితే ఆ పొర ముడతలు పడి చర్మంలా పగులుతుంది. కాబట్టి డెవలపర్, ఫిక్సర్, కడిగే నీళ్లు అన్నీ ఒకే వేడిలో ఉండాలి. మంచినీళ్ల కుండ దీనికి చాలా పనికొస్తుంది. ముందురోజు రాత్రి రెండు కుండల నిండా నీళ్లు పోసి ఉంచితే తెల్లారేసరికి కుళాయి నీళ్ల కన్నా చాలా చల్లగా ఉంటాయి. వెడల్పాటి టబ్బులో ఆ నీళ్లు పోసి, మందుల సీసాలు, ట్యాంకు అందులో నిలబెట్టి, ఐస్ ముక్కలు పాలిథిన్ కవర్లో కట్టి వేస్తూ తీస్తూ ఉంటే వేడి మీ చేతిలో ఉంటుంది. వంటకు వాడే డిజిటల్ థర్మామీటర్ ఒకటి కొనండి. జ్వరం చూసేది పనికిరాదు, అది 35 దగ్గర మొదలవుతుంది. వీలైతే డిసెంబరు, జనవరి ఉదయాల్లో పెట్టుకోండి, సగం టెన్షన్ పోతుంది.

24 డిగ్రీల దాకా ఫరవాలేదు, సమయం తగ్గించుకుంటే చాలు. ఇల్ఫోర్డ్ వాళ్ల లెక్క ప్రకారం 20 దగ్గర 6 నిమిషాలు పట్టేది 23 దగ్గర నాలుగున్నరకే అయిపోతుంది. ఎఫ్‌పీ4 ప్లస్‌ను డీ-76 డెవలపర్‌లో సగానికి సగం నీళ్లు కలిపి కడిగితే 20 దగ్గర 11 నిమిషాలు. అదే 24 దగ్గర సుమారు ఏడున్నర. నీళ్లు కలపకుండా వాడితే సమయం మరీ తగ్గిపోతుంది. అయిదు నిమిషాల లోపు పనిలో పది సెకన్ల తేడా కూడా పెద్దదే, ఫిల్ము మీద చారలు పడతాయి. అందుకే ఎండాకాలంలో నీళ్లు కలిపిన డెవలపరే మేలు.

డీ-76 అంటే 1920ల నాటి పాత ఫార్ములా. ప్యాకెట్ దొరికితే అదే కొనండి. దొరక్కపోతే కాలేజీలకు కెమికల్స్ అమ్మే షాపులో సరుకు కొని కలుపుకోవచ్చు. లీటరుకు మెటాల్ 2 గ్రాములు, సోడియం సల్ఫైట్ 100, హైడ్రోక్వినోన్ 5, వెలిగారం 2. సల్ఫైట్ అడగండి, సల్ఫేట్ కాదు, రెండూ వేరు. నీళ్లు 50 డిగ్రీల వేడిలో ఉండాలి. ముందు చిటికెడు సల్ఫైట్, తర్వాత మెటాల్ పూర్తిగా కరిగాక మిగతా సల్ఫైట్, ఆ తర్వాత హైడ్రోక్వినోన్, వెలిగారం. సల్ఫైట్ అంతా ముందే వేస్తే మెటాల్ కరగనని మొండికేస్తుంది. ఒక రాత్రి ఉంచి మర్నాడు వాడండి. సీసాలో గాలి లేకుండా నిండుగా పోయాలి, గాలి తగిలితే టీ డికాక్షన్ రంగుకి తిరిగి చచ్చిపోతుంది. రంగు మారినది వాడొద్దు.

ఫిక్సర్‌ను మన స్టూడియోల్లో ఇప్పటికీ "హైపో" అనే అంటారు. అసలు పేరు సోడియం థయోసల్ఫేట్. అది వెండి లవణాలను కరిగిస్తుందని హెర్షెల్ 1819లోనే రాశాడు, ఫోటోగ్రఫీ బయటికి రావడానికి ఇరవై ఏళ్ల ముందు. మీరు పటిక కలిసిన రకం, అంటే హార్డెనర్ ఉన్న ఫిక్సర్ పొడి తీసుకోండి. మన వేడికి మెత్తబడే పొరను పటిక గట్టిపరుస్తుంది, నాన్నగారి పాత ఫిల్ముకి అది మరీ అవసరం.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నాకు పంతొమ్మిదేళ్లప్పుడు, పని నేర్చుకుంటున్న రోజుల్లో, ఒక పల్లెటూరి పెళ్లి రీలు నా చేతికిచ్చారు. సీసాలు రెండూ ఒకేలా ఉన్నాయి. డెవలపర్ అనుకుని హైపో ముందు పోశాను. ట్యాంకు తెరిచేసరికి ఫిల్ము గాజు పలకలా ఉంది, ఒక్క గీత లేదు. హైపో ముందు పడితే డెవలపర్ పెంచడానికి ఏమీ మిగలదు. పెళ్లికూతురి తండ్రి ఫోటోల కోసం రెండుసార్లు బస్సెక్కి వచ్చాడు. రెండోసారి ఏమీ అనకుండా బయట అరుగు మీద కాసేపు కూర్చుని వెళ్లిపోయాడు. ఆయన కూర్చున్న తీరు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఆ రోజు నుంచి నా డెవలపర్ సీసాకి ఒక రబ్బరు బ్యాండు, హైపో సీసాకి మూడు. మీరూ అలాగే చేయండి. కన్ను పొరబడ్డా చెయ్యి పొరబడదు.

బాబు గురించి. ఈ మందులు భయపడేంత ప్రమాదం కావు, నిర్లక్ష్యం చేసేంత మామూలువీ కావు. కొత్త డీ-76 అచ్చం మంచినీళ్లలా ఉంటుంది, అదే నా భయం. మా రోజుల్లో అందరం కూల్‌డ్రింకు సీసాల్లోనే పోసేవాళ్లం. పిల్లలున్న ఇంట్లో ఆ పని చేయొద్దు. ముదురు రంగు కెమికల్ సీసాలు కొని, పేరు, తేదీ రాసి, తాళం వేసే బీరువా పై అరలో పెట్టండి. కొలిచే గ్లాసులు, చెంచాలు, గరాటు దీనికే విడిగా ఉంచండి, మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు. పొడులు కలిపేటప్పుడు ముక్కుకి మాస్కు, చేతులకు గ్లౌజులు వేసుకోండి. మెటాల్ కొందరికి చర్మం మీద దురద, పగుళ్లు తెస్తుంది. బాబు నిద్రపోయాకే పని మొదలుపెట్టండి. ఏ కారణం చేతనైనా బాబు తాగాడని అనుమానం వస్తే ఇంటి వైద్యం చేయకుండా సీసాతో సహా ఆస్పత్రికి వెళ్లండి.

కడిగే వరుస ఇది. 120 రీలుకి ట్యాంకులో అర లీటరు మందు పడుతుంది. ముందు మామూలు నీళ్లు పోసి ఒక నిమిషం ఉంచి పారబోయండి. అవి నీలంగానో ఆకుపచ్చగానో వస్తాయి, అది ఫిల్ము వెనక పూసిన రంగు, బొమ్మ కాదు. తర్వాత డెవలపర్ పోసి, ట్యాంకును గట్టున ఒకసారి టక్కున తట్టండి, లోపలి గాలి బుడగలు వదులుతాయి. మొదటి అరనిమిషం, ఆపైన ప్రతి నిమిషంలో మొదటి పది సెకన్లు ట్యాంకును నెమ్మదిగా తలకిందులు చేస్తూ ఉండండి. మజ్జిగ చిలికినట్టు ఊపకండి. ఎంత కదిపామన్నది కాదు, ప్రతి నిమిషం ఒకేలా కదిపామా అన్నది ముఖ్యం. సమయం అయ్యాక డెవలపర్ పారబోసి, రెండుసార్లు నీళ్లతో తొలిచి, హైపో పోయండి. హైపో ఎంతసేపు అన్నది ప్యాకెట్ చూసి నమ్మకండి. ముందే ఒక చిన్న ఫిల్ము ముక్కను వెలుతురులోనే హైపోలో వేసి, పాలలాంటి పొర పోయి పారదర్శకం కావడానికి ఎంత పట్టిందో చూడండి. దానికి రెట్టింపు సమయం ఉంచండి.

చివరి కడుగుకి కుళాయి కింద అరగంట పెట్టి నీళ్లు వృథా చేయనక్కర్లేదు. ట్యాంకు నింపి 5 సార్లు తలకిందులు చేసి పారబోయండి, మళ్లీ నింపి 10 సార్లు, మళ్లీ నింపి 20 సార్లు. ఇదీ ఇల్ఫోర్డ్ వాళ్ల పద్ధతే, హార్డెనర్ లేని హైపోకి వాళ్లు చెప్పింది. మీది పటిక కలిసినది కాబట్టి ఇంకో నాలుగైదు సార్లు నింపి పారబోయండి. ఆఖరి తొలుపుడు మాత్రం బోరు నీళ్లతో వద్దు. ఉప్పు నీళ్లు ఆరాక తెల్లటి మచ్చలు వదులుతాయి, అవి ముఖం మీద పడితే పోవు. బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్ ఒక సీసా తెచ్చి, అందులో ఒకటి రెండు చుక్కలు వెట్టింగ్ ఏజెంట్ (నీళ్లు బొట్లు కట్టకుండా జారిపోయేలా చేసే మందు) వేసి ముంచి తీయండి. మీది సింగరేణి ఊరు, దుమ్ము సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. బాత్రూమ్ గోడల మీద నీళ్లు చల్లి దుమ్మును అణిచేసి, ఫ్యాను వేయకుండా, కింద ఒక బట్టల క్లిప్పు బరువుగా పెట్టి వేలాడదీయండి. ఆరేదాకా తలుపు తీయొద్దు.

వాడిన హైపోలో వెండి ఉంటుంది. మొక్కలకో బావి దగ్గరో పోయకండి. ఒక బకెట్‌లో ఇనుప పీచు వేసి కొన్ని రోజులు ఉంచితే వెండి నల్లటి మడ్డిలా అడుగుకి దిగుతుంది. గిన్నెలు తోమే మెరిసే స్టీలు పీచు చాలావరకు పనిచేయదు, తుప్పు పట్టే మామూలు ఇనుము కావాలి. ఊళ్లో ఇంకా ఫిల్ము మీద ఎక్స్‌రేలు తీసే చోటు ఉంటే అడిగి చూడండి, వాడిన హైపోను వెండి కోసం కొనేవాళ్లు వాళ్లకు తెలిసి ఉండొచ్చు.

మూడు రీళ్లూ అయ్యాయి, వాటిలో ఆఖరిది బాగా వచ్చింది అనుకుందాం. రెండోదీ మూడోదీ కూడా పాడైతే ఇంకో రెండు కొనండి, నాలుగోదో ఆరోదో అన్న పట్టింపు లేదు. ఇప్పుడు నాన్నగారి డబ్బా ఫ్రిజ్‌లోంచి తీసి, ఒక పూట అలాగే బయట ఉంచాకే తెరవండి, లేకపోతే చల్లటి ఫిల్ము మీద తేమ పడుతుంది.

ఆ 11, 12 ఫోటోలు ఎందుకు తీయమన్నానో ఇప్పుడు చెబుతాను. చీకట్లో రీలు విప్పితే ముందు కాగితం, తర్వాత ఫిల్ము కొస వస్తుంది. ఆ కొస పన్నెండో ఫోటో వైపుది. దాని నుంచి రెండు బెత్తెలు, అంటే నాలుగు వేళ్ల వెడల్పు రెండుసార్లు కొలిచి, అక్కడ కత్తిరించండి. మీరు తీసిన పన్నెండోది, పదకొండోదాంట్లో చాలా భాగం ఆ ముక్కలోకి వస్తాయి. ఖాళీ పదోది అడ్డుగోడలా మిగులుతుంది, నాన్నగారి ఫోటోల దరిదాపులకు కత్తెర వెళ్లదు. మిగతా రీలును మళ్లీ కాగితంతో సహా బిగించి చుట్టి, ఫాయిల్‌లో పెట్టేసి, ఆ ముక్కను మాత్రం కడగండి. ఆ ముక్క ఈ ఫిల్ము ఇప్పుడెలా ఉందో మీకు చెబుతుంది. దీనికి డీ-76లో నీళ్లు కలపొద్దు, వేడి 20కి ఒక్క డిగ్రీ కూడా దాటనివ్వొద్దు. పాత ఫిల్ములో ఎక్కువ సేపు, ఎక్కువ వేడిలో ఉంచితే బొమ్మ కన్నా మసకే ఎక్కువ పెరుగుతుంది. మసక తక్కువ పెంచుతుందని హెచ్‌సీ-110 అనే డెవలపర్‌కి మంచి పేరు, దొరికితే అది ఇంకా మేలు. డీ-76 అయితే ఎనిమిది నిమిషాలతో మొదలుపెట్టండి. ముక్క ఆరాక కిటికీకి అడ్డంగా పట్టి చూడండి. ఫ్రేముకి పక్కన ఖాళీగా ఉండాల్సిన అంచు బూడిద రంగులో ఉన్నా, దాని మీద మీ ఇల్లు స్పష్టంగా తెలుస్తుంటే అదే సమయం పాటించండి. అంచు, బొమ్మ రెండూ కలిసిపోయి నల్లగా ఉంటే నిమిషంన్నర తగ్గించండి. బొమ్మ మరీ పల్చగా ఉంటే ఒక నిమిషం పెంచండి. ముక్క పూర్తిగా నల్లగా వస్తే ఆగిపోండి. అప్పుడు పాత బ్లాక్ అండ్ వైట్ ఫిల్ములే చేసే ల్యాబ్‌కి పంపడం మంచిది, ఆ ముక్కను కూడా జతచేసి పంపండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

అంతా బాగుంటే మిగతా రీలు. ముప్పై అయిదేళ్లు చుట్టుకుని ఉన్న ఫిల్ము స్ప్రింగులా ఎగిరిపడుతుంది, దానితో పెనుగులాడకండి. మొండికేస్తే చుట్టి, ఫాయిల్‌లో పెట్టి, బయటికొచ్చి నీళ్లు తాగి మళ్లీ వెళ్లండి. ఆఖరున కాగితానికి అంటించిన టేపును చర్రున పీకకండి, ఆ ఊపుకి చీకట్లో చిన్న మెరుపు వస్తుంది, ఫిల్ముకి అదీ వెలుతురే. కత్తెరతో కత్తిరించేయండి. ఈ ఫిల్ముకి హైపో సమయం కొంచెం ఎక్కువే ఉంచండి, తడిగా ఉన్నంతసేపు పొరను వేలితో తాకొద్దు, నీళ్లు తుడవాలని కూడా చూడొద్దు.

హైపో అయ్యాక మూత తీసేటప్పుడు అమ్మగారిని బాత్రూమ్ బయట కుర్చీ వేసి కూర్చోబెట్టండి. వచ్చిన వెంటనే ఆవిడ చేతికి మాత్రం ఇవ్వకండి. నెగటివ్‌లో ముఖాలు నల్లగా, జుట్టు తెల్లగా ఉంటుంది, ఎవరు ఎవరో తెలియక ఆవిడ కంగారు పడతారు. ఆరిన తర్వాత ల్యాప్‌టాప్ తెరను తెల్లగా వెలిగించి, దాని ముందు ఒక వేలెడు దూరంలో నెగటివ్ పట్టుకుని ఫోనుతో ఫోటో తీయండి. ఫోటో ఎడిటింగ్ యాప్‌లో రంగులు తిరగేసే ఆప్షన్ ఉంటుంది, కాంట్రాస్ట్ కూడా పెంచండి. కంటికి ఏమీ లేదనిపించిన మసక ఫ్రేముల్లోంచి కూడా మనుషులు పైకి వస్తారు. అప్పుడు ఫోను అమ్మగారి చేతికివ్వండి. తొమ్మిదో ఫ్రేములో ఏముందో నాకూ రాయండి.